రంగూన్ అక్కకు నాయనమ్మ తెచ్చిన సంబంధం

నా చిన్నప్పుడు మా రేపల్లెలో రైలు దిగినవాళ్ళకు ఇక ముందుకు పోయే దారి ఉండేది కాదు. తెనాలి నుంచి వచ్చే పట్టాలు మా ఊళ్ళోనే ఆఖరు. బండి వచ్చి ఆగి, కాసేపు ఆయాసం తీర్చుకుని, వచ్చిన దారినే తిరిగి వెళ్ళిపోయేది. అలా పట్టాలు అయిపోయిన చోట దిగిన ఒక కుటుంబం మా పెరట్లో పాకలో కాపురం పెట్టింది. రంగూన్ నుంచి వచ్చిన కాందిశీకులు. అరవై ఏళ్ళ కిందటి మాట. నాకప్పుడు తొమ్మిదేళ్ళు.

బర్మాలో సర్కారు మారి, మనవాళ్ళ కొట్లూ వ్యాపారాలూ తీసేసుకుని, ఇక మీ దేశం మీరు పొమ్మన్న రోజులవి. తాతల నాడు వెళ్ళి అక్కడే పుట్టి పెరిగినవాళ్ళకు మీ దేశం అంటే ఏది? ఓడల్లో మద్రాసు రేవుకు వచ్చి, అక్కడి శిబిరంలో కొన్నాళ్ళు పడి ఉండి, ఎవరికి గుర్తున్న ఊరి పేరు పట్టుకుని వాళ్ళు బయల్దేరారు. మా పాకలోకి వచ్చిన ముసలాయనకు గుర్తున్నది నిజాంపట్నం దగ్గరి ఒక పల్లె. ఆయన తాత అక్కడి నుంచే పడవెక్కాడట. తీరా వెళితే ఆ పల్లెలో వాళ్ళని ఎరిగినవాళ్ళు ఒక్కరూ లేరు. తిరిగొచ్చి రేపల్లె స్టేషన్లో ట్రంకు పెట్టె మీద కూర్చుంటే, బడిపంతులైన మా నాన్న చూసి ఇంటికి తీసుకొచ్చాడు. తీసుకొచ్చింది నాన్న, ఉండమన్నది మాత్రం నాయనమ్మ. మా ఇంట్లో ఆవిడ మాటే చెల్లేది. గేదెను అమ్మేశాక ఖాళీగా పడి ఉన్న పాకను అలికించి, చాప పరిపించి, పొయ్యి వేయించి ఇచ్చింది.

వచ్చినవాళ్ళు నలుగురు. ముసలాయనను నేను రంగూన్ తాత అనేదాన్ని. ఆయన కొడుకు నాకు బాబాయి. బాబాయి కూతురు మూడేళ్ళ పాప. నాలుగో మనిషి ఇరవై ఏళ్ళు దాటిన అమ్మాయి, నాకు రంగూన్ అక్క. గుండ్రటి మొహం, చిన్న కళ్ళు, మాట చాలా తక్కువ. ఆమె తన కూతురనీ, ఇంకా పెళ్ళి కాలేదనీ, తన భార్య బర్మా మనిషి గనక పిల్లకు తల్లి పోలిక వచ్చిందనీ తాత చెప్పాడు. పాప తల్లి దారిలో జ్వరం వచ్చి పోయిందన్నాడు. విన్నవాళ్ళంతా అయ్యో పాపం అనుకున్నారు.

అసలు సంగతి ఇప్పుడే చెప్పేస్తాను. కథను దాచి దాచి చివర్లో విప్పడం నాకు చేతకాదు, ఇంకెవరైనా అలా చెప్పినా నాకు ఒళ్ళు మంట. రంగూన్ అక్క తాత కూతురు కాదు, కోడలు. బాబాయి భార్య, పాపను కన్నతల్లి. బర్మా పిల్ల. ఆ దేశం వాళ్ళు తమ మనిషిని ఓడెక్కనివ్వరని ఈ కుటుంబానికి తెలుసు. ఓడ ఇంకో పది రోజులుందనగా తాత సొంత కూతురు విషజ్వరంతో పోయింది. ఓడెక్కడానికి ఆమె పేరున, ఆమె ఫొటోతో, అప్పటికే కాగితం వచ్చి ఉంది. ఆ కాగితం కోడలి చేతిలో పెట్టారు. ఇద్దరిదీ ఒకటే వయసు. రంగూన్ రేవులో సోదా చేసినవాళ్ళు ముక్కుపుడకా చెవి దిద్దులూ ఊడబీక్కున్నారు గానీ ఫొటో వంక సరిగ్గా చూడలేదు. అలా పోయినావిడ కాగితం మీద బతికింది, బతికున్నావిడ అందరి నోళ్ళలోనూ చచ్చిపోయింది. ఈ సంగతి ఇక్కడ బయటపడితే దొంగ కాగితంతో వచ్చిందని అక్కను పట్టుకుని వెనక్కి ఓడెక్కిస్తారనీ, పాప ఇక్కడా తల్లి అక్కడా అయిపోతారనీ వాళ్ళ భయం. అందుకని పాపకు తల్లిని 'అత్తా' అని పిలవడం నేర్పారు. మూడేళ్ళ పిల్లకు.

అప్పటికి ఇవేవీ నాకు తెలియవు. నేను చూసిందల్లా వాళ్ళ భయం. మా వీధికి వచ్చే పోస్టుమేన్ ఖాకీ చొక్కా కనబడితే చాలు, పాక తలుపు మూతపడేది. పాపం ఆ పోస్టుమేన్ చీమకు కూడా హాని చేసేవాడు కాదు, సైకిలు తొక్కుతూ పాటలు పాడుకునేవాడు. రోజూ తెల్లారేసరికి తాత పక్కలన్నీ చుట్టి, మూటలు కట్టి, ట్రంకు మీద పేర్చేవాడు, ఏ పూటకాపూట ప్రయాణం ఉన్నట్టు. నా వాటా మరమరాల ఉండ ఇస్తే పాప సగం తిని, సగం గౌనులో దాచుకునేది. పైగా దాచినది నాకు కనబడిందేమోనని ఓరగా చూసేది. తింటానికి కూడా బెదిరే పిల్లను నేను అంతకు ముందు చూడలేదు.

అక్క మొదటిసారి నవ్వడం మాత్రం నాకు బాగా గుర్తు. వచ్చిన వారానికి నాయనమ్మ పెరట్లో గోంగూర కోస్తుంటే పరుగున వచ్చి, ఆ ఆకు తుంచి నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుంది. బర్మాలోనూ అదే ఆకు వండుకుంటారట, అదీ ఎండు రొయ్యలు వేసి. మా వైపు నిజాంపట్నం రొయ్యలకు కొదవేముంది? ఆ పూట అక్క వండిన కూర తిని మా నాయనమ్మ మారు మాట్లాడకుండా రెండోసారి అన్నం పెట్టించుకుంది. ఇంకొకరి వంట మెచ్చుకోవడం ఆవిడ జాతకంలో లేదు గనక అదే పెద్ద బిరుదు. ఆ తర్వాత వాళ్ళిద్దరికీ భాష కుదరకపోయినా పొత్తు కుదిరింది.

ఒక ఆదివారం నేనూ పాపా నూతి పక్కన ఆడుకుంటున్నాం. పాప పాకుడు మీద జారి పడి, మోకాలు చెక్కుకుపోయి, అక్క పరిగెత్తుకు రాగానే "అమ్మా" అని చేతులు చాచింది. తాత అక్కడే ఉన్నాడు. గబగబా వచ్చి పాప చెంప మీద కొట్టాడు. పెద్ద దెబ్బ కాదు గానీ నేను నిర్ఘాంతపోయాను. పడిన పిల్లను కొడతారా ఎవరైనా? పాప ఏడుపు దిగమింగి "అత్తా" అంది. అక్క పాపను ఎత్తుకుని లోపలికి పోయింది. తాత మాత్రం నూతి గట్టు మీద కూర్చుని, కొట్టిన చేతిని రెండో చేత్తో గట్టిగా పట్టుకున్నాడు. నాకు ఆ ముసలాయన మీద అసహ్యం పుట్టింది. తిన్నగా వెళ్ళి నాయనమ్మకు చాడీ చెప్పాను. కనీసం నాలుగు మాటలు అంటుందనుకున్నాను. ఆవిడ చింతపండు పిసుకుతున్న చెయ్యి ఆపి, అంతా విని, "ఈ మాట ఇంకెక్కడా అనకు" అని మళ్ళీ పిసకడం మొదలెట్టింది.

ఎందుకంటే నాయనమ్మకు అప్పటికే తెలుసు. అంతకు కొద్ది రోజుల ముందు అక్కకు ఒంట్లో నలతగా ఉంటే, నువ్వుల నూనె పట్టించి, సున్నిపిండితో నలిచి, తలంటు పోసింది. మా కాన్పులన్నీ ఆవిడ చేతుల మీదే జరిగాయి. తలంటు పోసిన చేతులకు తెలియనిదేముంటుంది? కడుపు మీది కాన్పు చారలు చూసింది. పాప ఎవరి మెడ పట్టుకుని నిద్రపోతుందో అంతకు ముందే చూసింది. రెండూ కలుపుకుంది. కలుపుకుని నోరు మూసుకుంది. ఈ సంగతి ఆవిడ నాతో చెప్పింది నాకు పెళ్ళయ్యాక.

పాప చెంప దెబ్బ విన్నాక మాత్రం ఇక ఊరుకోలేకపోయింది. పైగా ఆవిడ సొంత తమ్ముడు బాపట్ల తాలూకాఫీసులో గుమాస్తా. ఆయన మాకు బాపట్ల తాతయ్య. కాగితాల చిక్కయితే తమ్ముడు విప్పగలడని ఆవిడ ధీమా. కానీ ముందు రంగూన్ తాత నిజం ఒప్పుకోవాలి కదా. ఒకసారి మెల్లగా కదిపి చూసింది. పాపకు అక్క పోలిక ఉందేమిటండి అంటే, మేనత్త పోలిక రాదా అండి అని ఆయన నవ్వేశాడు. అడిగితే లాభం లేదని తేలిపోయింది. అప్పుడు ఆవిడ బుర్రలో ఒక ఉపాయం పుట్టింది. మా నాయనమ్మ ఉపాయాలకు మా వీధిలో పేరుంది. చాలావరకు మంచి పేరే.

మర్నాడు తాతను పిలిచి, పిట్టలవానిపాలెంలో మంచి సంబంధం ఉందనీ, కుర్రాడు బుద్ధిమంతుడనీ, కుదుర్చుకుంటే పిల్ల జీవితం ఒక ఒడ్డుకు చేరుతుందనీ చెప్పింది. అంతా కల్పితమే. పెళ్ళి కాని పిల్ల అని చెప్పి మా వైపు ఎవరైనా నెల రోజులు ప్రశాంతంగా బతకగలరా? ఎవరో ఒకరు సంబంధం తేకుండా ఉంటారా? రంగూన్‌లో పెరిగిన మనిషి గనక ఆయనకు ఈ సంగతి తట్టలేదు. పెళ్ళయిందని చెప్పి, భర్త ఫలానా ఊళ్ళో ఉన్నాడని ఇంకో అబద్ధం ఆడి ఉంటే గొడవే ఉండేది కాదు. ఆయనకు అబద్ధాలాడటం కూడా సరిగ్గా రాదు.

తాత సాకులు వెతికాడు. ముందు జాతకం లేదన్నాడు, రంగూన్‌లోనే పోయిందన్నాడు. పేరు బలం చూసుకుంటారులే అంది నాయనమ్మ. కోడలు పోయి ఏడాది తిరగలేదు, ఇంట్లో శుభకార్యం చెయ్యకూడదు కదండి అన్నాడు. చూపులకు ఏ అడ్డూ లేదు, ముహూర్తం ఏడాది తిరిగాకే పెట్టుకుందాం అంది. పిల్లకు తెలుగు రాదన్నాడు. కాపురానికి భాషెందుకు, మా ఆయన నాతో పదేళ్ళు మాట్లాడనే లేదు అంది. ఎటు తిరిగినా ఆవిడే ఎదురొచ్చేది. ఇక దారి లేక ఏ సాయంత్రమో వచ్చి, అక్కగారూ అసలు సంగతి ఇదండి అంటాడని ఆవిడ లెక్క. ఆ ఒక్క మాట కోసమే ఇదంతా.

ఆయన అనలేదు. ఆవిడ మాత్రం ఒక మాట ఎక్కువ అంది. సంబంధం గట్టిదని నమ్మించడానికి, "మధ్యవర్తి బయటివాడు కాదండీ, మా తమ్ముడే. బాపట్ల తాలూకాఫీసులో ఉంటాడు. కాగితాల పని క్షుణ్ణంగా తెలిసినవాడు. శుక్రవారం పొద్దుటి బండికి దిగుతాడు" అని చెప్పింది. సంబంధం కల్పితమే గానీ, తమ్ముణ్ణి మాత్రం ఒకసారి రమ్మని నిజంగానే ఉత్తరం రాసింది. నేను పక్కనే ఉన్నాను. తాత మొహంలో రక్తం దిగిపోవడం చూశాను. నాయనమ్మ అది సిగ్గో మొహమాటమో అనుకుంది. అంత తెలివైన మనిషీ ఆ క్షణాన పొరబడింది.

నాకైతే కాలు నేల మీద నిలవలేదు. మా పెరట్లో పెళ్ళి చూపులు! వీధి వీధంతా టముకు వేసి వచ్చాను. శుక్రవారం తెల్లవారుతుండగానే నాయనమ్మ వడలకు పప్పు రుబ్బడం మొదలెట్టింది. మా అమ్మ పట్టుచీర ఒకటి తీసి, అక్కకు కట్టమని నా చేతికిచ్చి పాకకు పంపింది. వెళ్ళి చూస్తే తలుపు బార్లా తీసి ఉంది. పొయ్యి అలికి, ముగ్గు వేసి ఉంది. చాపలు చుట్టి గోడకు ఆనించి ఉన్నాయి. మేమిచ్చిన గిన్నెలు తోమి వరసగా బోర్లించి ఉన్నాయి. ట్రంకు లేదు. మనుషులు లేరు.

నాయనమ్మకు చెప్పగానే రుబ్బురోలు దగ్గరి నుంచి అలాగే లేచింది. చేతికి పిండి. నా రెక్క పట్టుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలో పడింది. అంత వేగంగా నడవగలదని నాకు తెలియదు. దారి పొడుగునా తనలో తనే తిట్టుకుంటోంది. ఎవరిని తిడుతోందో నాకు అర్థం కాలేదు. తీరా వింటే తననే.

ప్లాట్‌ఫారం చివర, ట్రంకు చుట్టూ వాళ్ళు నలుగురూ ఉన్నారు. బండి ఇంకా రాలేదు. వాళ్ళకు ఎటు పోవాలో కూడా తెలియదు. ఏ బండిలో తాలూకాఫీసు మనిషి దిగబోతున్నాడో, ఆ బండే ఎక్కి తెనాలి పోదామని కూర్చున్నారు. రేపల్లెకు వేరే బండి ఏముంది? మమ్మల్ని చూడగానే బాబాయి లేచి నిలబడ్డాడు. అక్క పాపను గుండెకు అదుముకుంది. తాత కదల్లేదు. ఇక పరిగెత్తే ఓపిక లేని మనిషిలా మా వంక చూస్తూ ఉండిపోయాడు.

అప్పుడు మా నాయనమ్మ ఏం చేసిందో చెబితే మా చుట్టాల్లో చాలామంది ఇప్పటికీ నమ్మరు. అల్లుళ్ళ ముందు కూడా తల వంచని మనిషి, వచ్చీపోయే కూలీలు చూస్తుండగా, వాళ్ళ ఎదురుగా ప్లాట్‌ఫారం నేల మీద చతికిలబడింది. ఆయాసం తగ్గేదాకా కూడా ఆగలేదు. "అన్నయ్యగారూ, ముందు ఈ మాట వినండి. మీకేం కాదు. ఆ అమ్మాయి మీ కోడలని నాకు ఎప్పట్నుంచో తెలుసు. సంబంధమూ లేదు, పెళ్ళికొడుకూ లేడు. మీ నోటితో మీరే చెబుతారని నేనాడిన నాటకం. తప్పు నాదేనండి" అంది.

తాత వినలేదో, విన్నా ఆ మాటలు లోపలికి పోలేదో. "మా అమ్మాయండి. పెళ్ళి కాలేదండి. మా కోడలు దారిలో పోయిందండి" అని పాఠం అప్పజెప్పినట్టు మళ్ళీ మొదలెట్టాడు. ఆ మాటలు ఎన్ని చోట్ల ఎంతమంది ముందు చెప్పి ఉంటాడో. బాబాయి తల దించుకున్నాడు. ఇంతలో అక్క లేచింది. పాపను చంకన వేసుకుని నాయనమ్మ ముందుకు వచ్చి నిలబడింది. అన్నాళ్ళలో ఆమె నోటి వెంట నిండైన మాట నేను వినడం అదే మొదలు. "పాప నాది. నేను కన్నాను. నన్ను పంపకండి" అంది. ఒక్కో మాటా వెతుక్కుని, తెచ్చుకుని, మా ముందు పెట్టింది.

తాత ఆగిపోయాడు. ఆమె వంక చూసి, పై కండువా నోట్లో కుక్కుకుని ఏడవడం మొదలెట్టాడు. ఏడుస్తూ ఒక పేరు పిలిచాడు. అది కోడలి పేరు కాదు. రంగూన్‌లో పోయిన సొంత కూతురిది. కాగితం మీద ఆ పిల్ల బతికి ఉండాలి గనక ఇన్నాళ్ళూ ఆయన ఆమె కోసం ఏడవలేదు. పదకొండో రోజు చెయ్యలేదు. ఎవరితోనూ నా కూతురు పోయిందని అనలేదు. పోయిన పిల్లను రోజూ బతికించి, బతికున్న పిల్లను రోజూ చంపి, ఆ ముసలాయన ఎంత నలిగిపోయాడో నాకు ఆ వయసులో తెలియలేదు గానీ, ఆయన మీద నాకున్న అసహ్యం మాత్రం అక్కడికక్కడే కరిగిపోయింది. చాడీ చెప్పినందుకు సిగ్గేసింది కూడా.

బండి వచ్చి ఆగింది. అందరి కంటే చివర బాపట్ల తాతయ్య గొడుగు ఊపుకుంటూ దిగాడు. సన్నగా, పొట్టిగా, చొక్కా జేబు నిండా పెన్నులతో, ఎవరినీ భయపెట్టగల ఆకారం కాదు. ముందు రోజు తెనాలిలో చుట్టాలింట్లో పడుకుని వచ్చాడు గనక మొహంలో ఇంకా నిద్ర ఉంది. పిండి చేతులతో నేల మీద ఉన్న అక్కగారిని చూసి, "ఏంటక్కా, ఇక్కడ కూర్చున్నావు? పడ్డావా?" అన్నాడు. ఆవిడ అవునన్నట్టు తలూపి, నాలుగు ముక్కల్లో సంగతి చెప్పింది.

రంగూన్ తాత మొలలో దాచుకున్న గుడ్డ సంచీ విప్పి, ఆ కాగితం తీసి, రెండు చేతులా పట్టుకుని ఆయన ముందు నిలబడ్డాడు. "నేరం నాదండి బాబూ. నన్ను తీసుకెళ్ళండి. ఆ పిల్లని వదిలెయ్యండి" అన్నాడు. బాపట్ల తాతయ్య కళ్ళజోడు పెట్టుకుని, అటూ ఇటూ తిప్పి చదివి, ఆఫీసులో అడిగినట్టే అడగడం మొదలెట్టాడు. పెళ్ళెక్కడ జరిగింది? ఎప్పుడు? పాప పుట్టినప్పుడు ఎక్కడైనా రాయించారా? మీతో ఓడలో వచ్చినవాళ్ళలో ఈ పెళ్ళి చూసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఆ పొడిపొడి ప్రశ్నలకు బాబాయి ఒక్కొక్కటిగా జవాబు చెబుతుంటే వాళ్ళ మొహాలు తేటపడటం నేను చూశాను. కేకలు లేవు, ఖాకీలు లేవు. వివరాలు అడిగే ఒక మనిషి ఉన్నాడు, అంతే. పెళ్ళి చూసినవాళ్ళు ఇద్దరు గుంటూరులోనే ఉన్నారని బాబాయి అనగానే తాతయ్య కాగితం మడిచి తిరిగి ఇచ్చేశాడు.

"దీనికింత పరుగెందుకయ్యా? ఒక అర్జీ పెట్టాలి. దాని వెనక ఇంకో అర్జీ పెట్టాలి. జరిగింది జరిగినట్టు రాయాలి. తిరగాలి, చెప్పులరుగుతాయి. నా పైన నలుగురు సార్లున్నారు, వాళ్ళ తరఫున నేను మాటివ్వలేను. కానీ భర్తనీ బిడ్డనీ ఇక్కడుంచి తల్లిని పంపమన్న కాగితం నేను ఉద్యోగంలో చేరిన కాడ్నుంచి చూళ్ళేదు" అన్నాడు. అని అక్క వైపు తిరిగి, "నిన్నెవరు పంపుతారమ్మా? ఎక్కడికి పంపుతారు?" అన్నాడు. అక్కకు ఎంత అర్థమైందో గానీ మనిషి ఒక్కసారిగా ట్రంకు మీద కూలబడింది.

గార్డు ఈల వేశాడు. బండి వాళ్ళని వదిలేసి వెనక్కి కదిలింది. పాప చంక దిగి, బండికి చెయ్యి ఊపుతూ నిలబడింది. ఊపి ఊపి, వెనక్కి తిరిగి, ఏదో చెప్పబోయి "అత్తా" అంది. రంగూన్ తాత చెయ్యెత్తాడు. పాప బెదిరి కళ్ళు మూసుకుంది. ఆయన ఆ చేత్తో పాప తల నిమిరి, "అత్త కాదమ్మా. అమ్మ. అమ్మను అమ్మా అని పిలువు" అన్నాడు. పాప నమ్మలేదు. ఒకసారి తాతనూ ఒకసారి నాన్ననూ చూసి, చాలా నెమ్మదిగా, దగ్గర నిలబడ్డ మాకు మాత్రమే వినబడేలా "అమ్మ" అంది. ఎవరూ కసరలేదు. ఈసారి కాస్త పెద్దగా అంది. ఆ తర్వాత ఇంటికొచ్చేదాకా దారి పొడుగునా ఏదీ అడక్కుండానే, ఏ పనీ లేకుండానే, అమ్మా అమ్మా అమ్మా అని పిలుస్తూనే ఉంది. బాపట్ల తాతయ్య ట్రంకుకు ఒక చెయ్యి వేసి మోస్తూ, ఇంతకీ నా పెళ్ళి చూపుల వడలున్నాయా లేవా అని నాయనమ్మను దెప్పుతూ నడిచాడు. వడలు ఆ రోజు అందరం తిన్నాం. పప్పు సగమే నలిగిందని నాయనమ్మ గునిసింది గానీ అంత రుచైన వడలు నేను మళ్ళీ తినలేదు.

కాగితాల పని ఆయన చెప్పినంత తేలిగ్గా అవలేదు. బాబాయి బాపట్లకూ గుంటూరుకూ తిరగలేక తిరిగాడు. ఒక సారు కసిరాడు, ఒక సారు ఫైలు పోగొట్టాడు. ఏడాది దాటాక కొత్త కాగితం వచ్చింది, అందులో అక్క పేరు ఆమె సొంత పేరే. అది వచ్చేదాకా ఆగకుండా, స్టేషన్ నుంచి వచ్చిన మూడో రోజునే తాత పెనుమూడి రేవుకు వెళ్ళి, కృష్ణలో మునిగి, కూతురికి నీళ్ళు వదిలి వచ్చాడు. వచ్చిన సాయంత్రం మా అరుగు మీద కూర్చుని, ఆ పిల్లకు ఏమేం ఇష్టమో, ఎలా నవ్వేదో, చీకటి పడేదాకా చెబుతూనే ఉన్నాడు. మర్నాటి నుంచి పక్కలు చుట్టడం మానేశాడు. తర్వాత వాళ్ళు తెనాలి చేరారు. పాపకు ఇప్పుడు మనవలున్నారు, నాకు ఫోన్ చేసి తిడుతూ ఉంటుంది, తెనాలి వచ్చి కూడా ఇంటికి రాలేదని.

నేను ఆ రోజును తల్చుకున్నప్పుడల్లా నాయనమ్మ ఉపాయాన్ని మెచ్చుకోవాలని ఉంటుంది, మెచ్చుకోలేను. ఆవిడ మనసు మంచిదే. కానీ ఆ మంచితనమే ఒక పాపను మళ్ళీ రైలెక్కించబోయింది. బండి ఒక గంట ముందు వచ్చి ఉంటే? ఈ వయసులో కూడా ఆ మాట తల్చుకుంటూనే ఉంటాను. ఆవిడా తల్చుకునేది. భయపడ్డవాళ్ళతో ఆటలాడకూడదే అని పోయేముందు కూడా నాతో అంది. ఉపాయం నుంచి కాదు, ఆ ఉపాయం బెడిసికొట్టాక ఆవిడ అన్న మొదటి మాట నుంచే నేను నేర్చుకున్నాను. మీకేం కాదు అని ముందు చెప్పింది, తెలుసని ఆ తర్వాతే చెప్పింది. ముప్ఫై ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పాను. తండ్రి పేరు అడిగితే తడబడిన తల్లులు, పుట్టినరోజు రోజుకొకటి చెప్పిన పిల్లలు, ఎంతమందో నా ముందుకు వచ్చారు. రిజిస్టరు మూసి, మీకేం కాదమ్మా, ముందు కూర్చోండి అనడం నాకు అలవాటైపోయింది.

ఇప్పుడు మా వీధి చివర కడుతున్న అపార్టుమెంటులో పనికి ఎక్కడి నుంచో ఒక కుటుంబం వచ్చింది. ఏ ఊరంటే ఒక్కోరోజు ఒక్కో ఊరు చెబుతారు. వాళ్ళ పిల్ల మధ్యాహ్నాలు నా దగ్గరికి అక్షరాలు దిద్దుకోవడానికి వస్తుంది. తల్లి గుమ్మం అవతలే నిలబడి, నేను ఏం అడుగుతానో అని చూస్తూ ఉంటుంది. నాకు తెలివి తక్కువేం లేదు, నాలుగు ప్రశ్నలు వేస్తే రాబట్టగలను. వెయ్యను. నీకేం కాదమ్మా, లోపలికి రా అని మాత్రం అంటాను. మొన్న గుమ్మం దాటి వచ్చి కూర్చుంది. నాకు నిజం చెప్పకపోయినా ఫర్వాలేదు, పారిపోకుండా ఉంటే చాలు.